తొమ్మిది ఛటాకుల పాలు

క్రిందటి శీతకాలంలో మా మనుమరాలికి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టినది. నాలుగవ నాడు ఆసుపత్రి నర్సు కేరమ్ డౌన్స్‌లోని మా ఇంటికి వచ్చి, బిడ్డ గుడ్డలు విప్పి తక్కెడ మీద పడుకోబెట్టినది. పుట్టిననాడు 3 కిలోల 210 గ్రాములున్న పిల్ల ఆనాడు 2 కిలోల 990 గ్రాములే తూగినది. మొదటి రోజులలో పిల్లలందరూ కొంత తగ్గుతారనీ, రెండు వారాలలో ఆ బరువు తిరిగి వస్తుందనీ చెప్పి నర్సు వెళ్ళిపోయినది. ఆమె చెప్పినది నిజమే. ఫీజీలో ఇరవై ఏళ్ళకు పైగా నర్సు పని చేసినదాన్ని కనుక ఆ మాటే నేనూ వందలమంది తల్లులకు చెప్పి ఉంటాను. అయినా మా మనుమరాలు ఆ రాత్రి కన్ను మూయలేదు. "అమ్మమ్మా, నా పాలు చాలటం లేదేమో! అసలు దీనికి రోజుకు ఎంత కావాలో ఎవరైనా కొలిచినారా?" అని అడిగినది.

కొలిచినారు. ఆ కొలతకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. అయితే నాకు ఆ ప్రశ్న వినగానే బెర్లినూ, బోస్టనూ గుర్తుకు రాలేదు. మా నాయనమ్మ గుర్తుకు వచ్చినది. ఆమెతోపాటు, ఆమె వేలిముద్ర వేసిన గిర్మిట్ కాగితంలోని ఒక ముక్క గుర్తుకు వచ్చినది. మన పత్రిక చదివేవారిలో చాలామంది ఇళ్ళలో అటువంటి కాగితాల నకళ్ళు ఉండవచ్చును కనుక ముందు దాని సంగతే చెబుతాను.

మా నాయనమ్మ విశాఖపట్నం జిల్లా మనిషి. మదరాసు రేవునుంచి ఫీజీకి కూలీల ఓడలు వెళ్ళటం 1903లో మొదలైనది. ఈమె 1908లో ఎక్కినది. ఫీజీ గిర్మిట్ షరతులలో కూలీ సంగతి మనందరికీ తెలిసినదే. సోమవారం మొదలు ఐదు రోజులు రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు పని; మగవానికి రోజుకు షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు. ఆ క్రింద తిండి సంగతి ఉన్నది. పన్నెండేళ్ళు నిండినవారికి మొదటి ఆరు నెలలు రోజుకు నాలుగు పెన్నీల చొప్పున పట్టుకొని రేషను ఇస్తారు. ఐదు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు అందులో సగం, ఉచితంగా. ఐదేళ్ళు, అంతకు లోపు పిల్లలకు రోజుకు తొమ్మిది ఛటాకుల పాలు, అదీ ఉచితమే. అయితే దీవికి చేరిన మొదటి సంవత్సరం మాత్రమే.

తొమ్మిది ఛటాకులు! నేను నర్సు శిక్షణలో ఉన్నప్పుడు మొదటిసారి ఆ మాట చదివి, ఇదెంత అవుతుందో మా నాయనమ్మనే అడిగినాను. ఆమెకూ తెలియదు. ఛటాకు అన్నది ఉత్తరాదివారి తూకం. మనవారు పాలు గిద్దెతోనూ, అరసోలతోనూ కొలుచుకొనేవారు. పదహారు ఛటాకులు ఒక సేరు. ఆ లెక్కన తొమ్మిది ఛటాకులు అరసేరు మీద కొంచెం, అంటే నేటి తూకంలో సుమారు 525 గ్రాములు. నీళ్ళు కలపని ఆవుపాలైతే వాటిలో ఉండే శక్తి సుమారు 350 కేలరీలు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నిన్న పుట్టిన బిడ్డకూ, నాలుగేళ్ళు నిండి లైన్ల వెంట పరుగెత్తే పిల్లవానికీ ఆ కాగితం ఒకటే కొలత పెట్టినది. నేటి లెక్కల ప్రకారం నాలుగు నిండిన మగపిల్లవానికి రోజుకు 1,360 కేలరీలు కావలెను. వానికి ఈ పాలు నాలుగవ వంతు. నెల లోపు బిడ్డకు మూడింట రెండు వంతులు. పైగా నెల లోపు బిడ్డకు ఆవుపాలు పట్టకూడదన్నది వేరే సంగతి. తల్లిపాలు త్రాగే బిడ్డకు ఇది అదనమేనని ఆ షరతు వ్రాసినవారు అనుకొని ఉండవచ్చును. వారిమీద లేని నేరం మోపను. కాని దీవిలో చేరిన రెండవ ఏటనో, మూడవ ఏటనో లైన్లలో పుట్టిన బిడ్డకు ఆ కాగితంలో ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు, ఒక్క గిద్దె కూడా లేదు. 'బాలింత' అన్న మాటకే అందులో చోటు లేదు. మా నాయనమ్మకు అయిదు కాన్పులు. అయిదూ రెండవ ఏటి తరువాతవే. దక్కినవారు ఇద్దరు, మా నాన్న, మా చిన్నత్త.

ఆ కాగితాలు అచ్చవుతున్న రోజులలోనే బిడ్డ ఆకలిని కొలిచే పని మరొకచోట జరుగుతున్నది. ఆ కథ మూలం ఫ్రాన్సులో ఉన్నది. లవోయిజే అనే రసాయన పండితుడు, లాప్లాసు అనే గణితవేత్త కలిసి 1782-83 చలికాలంలో ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగినదో తూచినారు. అది విడిచిన గాలినీ కొలిచినారు. బొగ్గు మండినట్లే ప్రాణి లోపల కూడా నెమ్మదిగా ఏదో మండుతున్నదనీ, ఊపిరి ఆ మంటకు గుర్తనీ తేల్చినారు. జఠరాగ్ని అన్న మాట మనకు తాతలనాటిదే. అయితే ఆ అగ్నికి రోజుకు ఎంత వంటచెరకు పడుతుందో తూచి చూచినవారు వీరే. తరువాతి వారంతా ఆ దారినే నడిచినారు. ఎంత ప్రాణవాయువు లోపలికి పోయినది, ఎంత బొగ్గుపులుసు గాలి బయటికి వచ్చినది అన్న రెండు లెక్కలు తెలిస్తే ఒంట్లో ఎంత శక్తి ఖర్చయినదో చెప్పవచ్చును.

పెద్దవారి సంగతి సులభం. ఊపిరి బిగబట్టమంటే పడతారు, కదలవద్దంటే కదలరు. పసిబిడ్డ ఎవరి మాట వింటుంది? 1898లో బెర్లిన్‌లో మాక్స్ రూబ్నర్ అనే శరీరశాస్త్రవేత్త, ఆటో హాయిబ్నర్ అనే పిల్లల వైద్యుడు తల్లిపాలు త్రాగే ఒక శిశువును గాలి కొలిచే గదిలో ఉంచి, త్రాగిన పాలు, విడిచిన గాలి, మలమూత్రాలు అన్నీ లెక్క కట్టి చూచినారు. హాయిబ్నర్ ఆ తరహా పరిశీలనలనుంచి ఒక సూత్రం తీసినాడు. మొదటి నెలలలో బిడ్డ సక్రమంగా పెరగాలంటే కిలో బరువుకు రోజుకు సుమారు 100 కేలరీలు కావలెనన్నదే ఆ సూత్రం. నూరేళ్ళ తరువాత కూడా ఆ సంఖ్య పెద్దగా తప్పు కాలేదు. ఎంత కొద్ది మంది బిడ్డలను చూచి చెప్పినాడో తలుచుకొంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

అప్పటికింకా అప్పుడే పుట్టిన ఆరోగ్యవంతులైన బిడ్డలను పెద్ద సంఖ్యలో కొలిచినవారు లేరు. ఆ పని బోస్టన్‌లో జరిగినది. అక్కడ హార్వర్డు వైద్యకళాశాల ప్రక్కన కార్నెగీ సంస్థ వారి పోషణ పరిశోధనాలయం ఉండేది. దాని అధిపతి ఫ్రాన్సిస్ బెనెడిక్ట్, ఫ్రిట్జ్ టాల్బట్ అనే పిల్లల వైద్యునితో కలిసి, పుట్టి కొద్ది గంటలైన బిడ్డలు మొదలు ఎనిమిది రోజుల బిడ్డల వరకు 105 మందిని పరీక్షించినాడు. 1915లో 'నవజాత శిశువు శరీరధర్మం' అన్న పేరుతో ఆ పుస్తకం వచ్చినది. గాలి చొరబడని చిన్న పెట్టెలో తొట్టె, ఆ తొట్టెలో బిడ్డ. బిడ్డ కాలు ఆడిస్తే ఆ కదలిక కూడా గీత రూపంలో నమోదయ్యేటట్లు ఏర్పాటు చేసినారు. ఏడ్చిన, కదిలిన సమయం పోగా నిదురలో ఉన్న సమయం చూచి కొలిచినారు. ఏడ్చే బిడ్డ ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుందని తల్లులకు చెప్పనక్కరలేదు గాని, శాస్త్రానికి అదీ కొలిచి చూపవలసి వచ్చినది. మరొక మాట కూడా వారు గట్టిగా చెప్పినారు. తల్లికి పాలు పడే ముందటి రోజులలో బిడ్డకు బయటనుంచి వచ్చేది స్వల్పం కనుక ఒంటి వేడి పోకుండా వెచ్చగా చుట్టి ఉంచాలి, ఉన్న నిలవను చలికి తగలబెట్టనీయరాదు. మన ముసలమ్మలు పురిటిగదిలో చేసినది అదే.

ఆ 1915 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఫీజీకి చివరి కూలీల ఓడ 1916లో వచ్చినది. గిర్మిట్లు రద్దయినది 1920 జనవరి 1న. అంటే బోస్టన్‌లో బిడ్డను పెట్టెలో నిదురపుచ్చి శ్వాస కొలిచిన లెక్కలు అచ్చయిన ఏడు, మా నాయనమ్మ మూడవ బిడ్డను చెరకు చాలు ప్రక్క గోనెపట్టా మీద నిదురపుచ్చి గొడ్డలితో కలుపు నరికినది. ఒక సముద్రం ఈవల జరిగేది ఆవలివారికి తెలియదు.

బోస్టన్ పేరు వచ్చినది కనుక మనవాని ఒకని సంగతి చెప్పక ముందుకు పోలేను. భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో ఆ హార్వర్డు వైద్యకళాశాలలోనే సైరస్ ఫిస్కే దగ్గర పని చేసినారు. కండరాలలో శక్తి ఏ రూపంలో ఉంటుందో వెదుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వారిద్దరూ లోకానికి చూపించినారు. అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. బిడ్డ త్రాగిన పాలు చివరికి ఆ నాణెంగానే మారి చెల్లుబాటు అవుతుంది. బెనెడిక్టు పెట్టె బయటనుంచి ఖర్చు లెక్కపెట్టినది. మన సుబ్బారావుగారు లోపల చెల్లే నాణెమేదో చూపించినారు. ఇది నేను వ్యాసం కోసం కల్పించిన సంబంధం కాదు, రెండు భవనాలూ ప్రక్కప్రక్కనే ఉండేవి.

ఇక నా శిక్షణ నాటికి వద్దాం. మాకు నేర్పిన సూత్రం ఇది. సీసాపాలు త్రాగే బిడ్డకు పౌను బరువుకు రోజుకు రెండున్నర ఔన్సులు. ఔన్సు పాలలో 20 కేలరీలు కనుక పౌనుకు 50, కిలోకు 110. పాత హాయిబ్నర్ సూత్రమే ఔన్సుల చొక్కా తొడుక్కొని మా దాకా వచ్చినదని చాలా ఏళ్ళ తరువాత తెలిసినది. తల్లిపాలు త్రాగే బిడ్డనైతే పాలిచ్చే ముందు ఒకసారి, తరువాత ఒకసారి తూచి, తేడా వ్రాసుకోమనేవారు. నేను ఆ పని ఎన్నోసార్లు చేసినాను. ఒకసారి తూచి చెప్పటంలో ఉన్న ప్రమాదం అప్పుడే తెలిసినది. ఒక పూట రెండు ఔన్సులు త్రాగిన బిడ్డ మరుపూట నాలుగు త్రాగుతుంది. ఆ రెండు ఔన్సుల అంకె చూచి గుండె జారి సీసా పట్టిన తల్లులు ఎందరో. మనిషికి మేలు చేయవలసిన తక్కెడ మనిషిని బెదిరించటం అప్పుడే చూచినాను.

పాలను ఇరవైనాలుగు గంటలూ ఓపికగా తూచినవారు మన దేశంలోనూ ఉన్నారు. నీలగిరులలోని కూనూరులో పోషణ పరిశోధనాలయం ఉండేది. ఎయ్‌క్రాయిడ్ అనే ఆయన 1935 నుంచి పదేళ్ళు దానికి అధిపతిగా ఉండి, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో పోషణ శాఖకు మొదటి అధిపతి అయినాడు. ప్రపంచానికంతటికీ మనిషికి ఇన్ని కేలరీలు అని లెక్క కట్టే సంప్రదాయం ఆ శాఖలోనే 1949లో మొదలైనది. కూనూరులోనే 1950లలో సి. గోపాలన్‌గారు బీద తల్లుల పాలు ఎంత, ఎలాటివి అని పరిశీలించి 1958లో ప్రకటించినారు. అర్ధాకలితో ఉండే ఆ తల్లులు కూడా రోజుకు 400 నుంచి 600 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారనీ, నెలల తరబడి ఇస్తున్నారనీ తేలినది. ఆ సంవత్సరమే ఆ పరిశోధనాలయం హైదరాబాదుకు మారినది. 1969 నుంచి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. మన తల్లులు తమ ఒంటిని కరిగించి బిడ్డకు పోసినారని మనం మాట వరసకు అనే మాటను ఆయన తక్కెడతో అన్నాడు.

అయినా ఒక చిక్కు మిగిలిపోయినది. బిడ్డ ఎంత త్రాగినదో తూచవచ్చును. పెట్టెలో ఉన్న కొన్ని గంటలలో ఎంత ఖర్చు చేసినదో కొలవవచ్చును. కాని ఇంట్లో, తల్లి ఒడిలో, ఏడుస్తూ నవ్వుతూ కాళ్ళు ఆడిస్తూ వారం రోజులలో ఎంత ఖర్చు చేసినది? దానికి ఉపాయం ఎలుకలను పరిశీలించే ఒక శాస్త్రవేత్తకు తట్టినది. మినిసోటా విశ్వవిద్యాలయంలో నేథన్ లిఫ్సన్ 1949లో ఒక సంగతి కనిపెట్టినాడు. ఊపిరిలో బయటికి వచ్చే బొగ్గుపులుసు గాలిలోని ప్రాణవాయువూ, ఒంట్లోని నీటిలోని ప్రాణవాయువూ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దానిమీద ఆధారపడి 1955కల్లా ఒక పద్ధతి తయారైనది. సాధారణమైన నీటి కంటె కొంచెం బరువైన నీరు రెండు రకాలది త్రాగిస్తారు. ఒకదానిలో ఉదజని బరువైనది, రెండవదానిలో ప్రాణవాయువు బరువైనది. రెండింటిలోనూ విషం లేదు, కిరణాలు లేవు. ప్రకృతిలో కొద్దికొద్దిగా ఉండేవే. బరువైన ఉదజని మూత్రం, చెమట ద్వారా నీటితోనే పోతుంది. బరువైన ప్రాణవాయువు నీటితోనూ పోతుంది, ఊపిరితోనూ పోతుంది. కనుక రెండవది త్వరగా తరుగుతుంది. ఆ రెండు తరుగుదలల తేడాయే ఊపిరిలో పోయిన బొగ్గుపులుసు గాలి లెక్క. ఆ లెక్కే శక్తి ఖర్చు లెక్క.

బరువైన ప్రాణవాయువు చాలా ఖరీదు కనుక చాలాకాలం ఎలుకలకూ, పక్షులకూ మాత్రమే ఆ పద్ధతి ఉపయోగపడినది. మనుషులలో దానిని మొదట వాడి చూపినది 1982లో షోలర్, వాన్ శాంటెన్ అనే ఇద్దరు. పసిబిడ్డ చిన్నది కనుక దానికి కొద్ది నీరే చాలును, ఖర్చు తక్కువ! 1987లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో అలన్ లూకాస్, ఆండీ కవార్డ్ మొదలైనవారు తల్లిపాలు త్రాగే బిడ్డ ఎంత తీసుకొంటుంది, ఎంత ఖర్చు చేస్తుంది అని ఈ పద్ధతిలో కొలిచినారు. పాలలో ఉన్న శక్తి పాఠ్యపుస్తకాలలో వ్రాసినదానికంటె తక్కువేననీ, అయినా ఆ బిడ్డలు చక్కగా పెరుగుతున్నారనీ తేలినది. ఆ తరువాత హ్యూస్టన్‌లో నాన్సీ బ్యూట్ మరింత విస్తారంగా కొలిచినది.

ఈ పద్ధతిలో బిడ్డకు ఒక చుక్క నెత్తురు తీయనక్కరలేదు. బరువైన నీరు పట్టిన తరువాత కొన్ని రోజులపాటు గుడ్డలో పెట్టిన దూదినుంచి మూత్రం పిండుకొంటే చాలు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు నవ్వుకొన్నాను. మా నాయనమ్మకు అంకెలు రావు, తక్కెడ లేదు. లైన్లలో ఏ కొత్త తల్లి వచ్చి పాలు చాలటం లేదేమోనని ఏడ్చినా ఆమె అడిగేది ఒక్కటే: "పొద్దుటినుంచి ఎన్ని గుడ్డలు తడిపింది?" గుడ్డలు చాలినన్ని తడిస్తే పాలు చాలినట్లే. నిజానికి ఆమె చూచినది నీరు, కేంబ్రిడ్జివారు చూచినది శక్తి. రెండూ ఒకటి కాదు, ఒకటని నేను అనను. కాని ఇద్దరూ వెదికినది ఆ తడి గుడ్డలోనే.

1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చిన లెక్కలు, బిడ్డలు ఎంత త్రాగుతున్నారో చూచి, దానికి ఇంకొక ఐదు శాతం కలిపి కట్టినవి. మొదటి నెలలో కిలోకు 124 కేలరీలు అన్నారు. బరువైన నీటి పద్ధతి వచ్చిన తరువాత 2001లో పండితులు తిరిగి కూర్చున్నారు. 2004లో ఆ నివేదిక అచ్చయినది. ఈసారి ఎంత త్రాగినది అని కాక, ఎంత ఖర్చు చేసినది, ఎంత ఒంట్లో కూడబెట్టినది అని చూచి లెక్క కట్టినారు. మొదటి నెల మగబిడ్డకు కిలోకు 113, ఆడబిడ్డకు 107. ఆరవ నెల వచ్చేసరికి ఇద్దరికీ 81, 82. పాత లెక్కకంటె మొదటి మూడు నెలలకు సుమారు 12 శాతం తక్కువ, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు 20 శాతం తక్కువ. మన హైదరాబాదు సంస్థవారు 2010లో భారతదేశానికి ఇచ్చిన లెక్కలో మొదటి ఆరు నెలలకు కిలోకు 92 అని ఉన్నది. ఎన్ని తరాల తల్లులు తమ పాలు చాలటం లేదని అనుకొన్నారో, వారిలో ఎందరి పాలు నిజానికి చాలినవో!

ఆ 2004 పట్టికలో నన్ను నిలబెట్టేసిన అంకె మరొకటి ఉన్నది. మొదటి నెలలో సగటు మగబిడ్డకు రోజుకు 518 కేలరీలు కావలెను. అందులో 306 ఊపిరికి, వేడికి, అరుగుదలకు, కదలికకు ఖర్చయిపోతుంది. 211 ఒంట్లో కండగా, కొవ్వుగా నిలుస్తుంది. ఐదింట రెండు వంతులు పెరుగుదలకే! ఏడాది నిండే వేళకు ఆ వాటా నూటికి మూడుకు పడిపోతుంది. జీవితంలో మరెప్పుడూ మనిషి తిన్నదానిలో అంత భాగం పెరగటానికి పెట్టడు.

దీనిని చెరకుతోట లైన్లకు తీసుకువెళ్ళి చూడండి. ఆస్ట్రేలియా పడమటి తీరాన పెర్త్‌లో పీటర్ హార్ట్‌మన్ బృందంవారు 71 మంది తల్లీబిడ్డలను ఇరవైనాలుగు గంటలూ తూచి, 2006లో ప్రకటించినారు. నెల నుంచి ఆరు నెలల బిడ్డలు, తల్లిపాలు తప్ప మరేమీ పట్టనివారు. సగటున రోజుకు 11 సార్లు త్రాగినారు, ఒక్కొక్కసారి 76 గ్రాములు. రోజంతటికీ సగటు 788 గ్రాములు. అయితే ఒక బిడ్డ 478, మరొక బిడ్డ 1,356, ఇద్దరూ ఆరోగ్యంగానే పెరుగుతున్నారు. ఇక గిర్మిట్ కాగితం ప్రకారం తల్లి తొమ్మిది గంటలు పనిలో ఉండాలి. తొమ్మిది గంటలలో బిడ్డ త్రాగవలసినది నాలుగు సార్లు. నాలుగు డెబ్బై ఆరులు 304 గ్రాములు. వాటిలోని శక్తి సుమారు 200 కేలరీలు.

రెండు వందలు. పట్టికలో పెరుగుదల వాటా 211. నేను వంటింటి బల్లమీద పెన్సిలుతో ఈ గుణకారం చేసి, తప్పు చేసినానేమోనని మూడుసార్లు సరిచూచుకొన్నాను. ఇది మోటు లెక్క అని ఒప్పుకొంటాను. రాత్రి పూట బిడ్డ ఎక్కువ త్రాగి కొంత పూడ్చుకోగలదు. మంచి సర్దారు దొరికిన చోట తల్లిని ఒకటి రెండుసార్లు గట్టు దగ్గరకు పోనిచ్చేవాడు. మా నాయనమ్మ సర్దారు ఒక్కసారి పోనిచ్చేవాడట, అదీ కొలంబరు గుర్రం దూరంగా ఉన్నప్పుడు. టాస్కు పూర్తి కాకపోతే ఆ రోజు తొమ్మిది పెన్నీలు రావు కనుక ఆమే కొన్నిసార్లు బిడ్డ ఏడుపు విని కూడా తల ఎత్తేది కాదట. ఈ మాట ఆమె ఒక్కసారే చెప్పినది, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

కాబట్టి ఫీజీ లైన్లలో పసిబిడ్డలు ఎందుకు పోయినారు అన్న ప్రశ్నకు జ్వరం, విరేచనాలు, మురికినీరు అని పుస్తకాలలో ఉండే సమాధానాలు నిజమే. పెరగవలసిన వాటా పోయిన బిడ్డకు ఆ విరేచనాలను తట్టుకొనే శక్తి ఉండదన్నది వాటి ప్రక్కన వ్రాసుకోవలసిన మాట. గిర్మిట్ పాలు ఇచ్చినదా లేదా అని మనం వాదించుకొంటాము. తొమ్మిది ఛటాకులకు బదులు పద్దెనిమిది ఇచ్చినా ఆ లోటు తీరేది కాదు. ఆ బిడ్డకు కావలసినది తల్లి పగటిపూట నాలుగుసార్లు గట్టు దగ్గరకు రావటం. దాని ధర ఏ కాగితంలోనూ లేదు.

తల్లి మాట కూడా చెప్పాలి. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 675 కేలరీలు అదనంగా కావలెనని ఆ 2004 నివేదికే చెప్పినది. ఒంట్లో కొవ్వు నిలవ ఉన్న తల్లి అందులో 170 తన నిలవలోనుంచి తీసుకొంటుంది కనుక ఆమెకు పైనుంచి 505 చాలును. నిలవ లేని తల్లికి మొత్తం 675 కావలెను. చెరకు కొట్టి వచ్చిన మనిషికి నిలవ ఎక్కడిది? పెద్దలకు ఇచ్చే రేషనులో బాలింతకు వేరే వాటా ఏదీ ఒప్పంద పత్రంలో లేదు. ఆరు నెలలు దాటితే ఆ రేషనూ లేదు. తొమ్మిది పెన్నీలలోనే కొనుక్కోవలెను. మునగాకు, నువ్వులు, వెల్లుల్లి, బాలింత పథ్యం అని ఊళ్ళో అమ్మమ్మలు పెట్టే తిండి మన ఆడవారి వెంట సముద్రం దాటినది గాని, పెట్టే అమ్మమ్మలు దాటలేదు. లైన్లలో ఒక బాలింతకు ప్రక్క గది బాలింతే అమ్మమ్మ. మా నాయనమ్మకు ఒక ఉగ్గుగిన్నె ఉండేది, ఇత్తడిది, ముక్కు సొట్టపోయినది. అది నలుగురైదుగురు ఆడవాళ్ళ మధ్య తిరిగేదట, ఎవరి బిడ్డ ఎవరి పాలు త్రాగినదో లెక్క లేదు.

మారిషస్‌లోనూ, నెటాల్‌లోనూ, మలయా తోటలలోనూ పసిబిడ్డలకూ, బాలింతలకూ ఏమి వ్రాసి ఇచ్చినారో నాకంటె అక్కడి మిత్రులకు బాగా తెలుస్తుంది. మీ ఇళ్ళలోని కాగితాలు తీసి, ఆ పంక్తులను ఈ పత్రికకు పంపితే ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. మా నాయనమ్మ వలస పాసు నకలు నా దగ్గర ఉన్నది. తండ్రి పేరు, కులము, ఊరు, వయసు, ఒంటిమీది పుట్టుమచ్చ, ఎత్తు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు, అన్నీ ఉన్నవి. బరువు లేదు.

కేరమ్ డౌన్స్‌కు ఈ ప్రశ్న క్రొత్త కాదని ఇక్కడికి వచ్చిన తరువాత తెలుసుకొన్నాను. 1935లో, ప్రపంచమంతా పనులు లేక అలమటించే రోజులలో, టక్కర్ అనే మత గురువూ, ఆయన సహచరులూ పనిలేని సంసారులను పిల్లాపాపలతో ఈ ఇసుకనేలలకే తీసుకువచ్చి, చిన్న ఇళ్ళు కట్టించి, కూరగాయలు పండించుకోమన్నారు. ఇప్పుడు ఆ దాపుననే మన శివవిష్ణు దేవాలయం ఉన్నది. 1994లో కుంభాభిషేకం జరిగినది. ఫీజీనుంచి, మారిషస్ నుంచి, దక్షిణాఫ్రికానుంచి, ఆంధ్రనుంచి వచ్చిన తల్లులు ప్రసాదం వరుసలో బిడ్డలను ఎత్తుకొని నిలబడతారు. ఎవరి బిడ్డ ఎంత బొద్దుగా ఉన్నదని ఒకరి బిడ్డను ఒకరు చూచుకోవటం ఇక్కడా తప్పలేదు.

మా మునిమనుమరాలి సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆ రాత్రి మా మనుమరాలికి అంకెలేవీ చెప్పలేదు. ఎన్ని గుడ్డలు తడిపిందని అడిగినాను. "ఆరు" అన్నది. సరే పడుకో అన్నాను. పదకొండవ నాడు నర్సు మళ్ళీ వచ్చి తూచినది. 3 కిలోల 240 గ్రాములు.